ఆయిల్ ఫిల్టర్‌ను గొట్టాలతో పైకి తెచ్చుకోవాలా?

మీరు అడిగింది ఇది: డల్లాస్ దగ్గర ఉంటారు, వారాంతాల్లో తిరగడానికి 2001 మోడల్ మాజ్డా మియాటా సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు, ఆయిల్ మీరే మార్చుకుంటున్నారు. డ్రెయిన్ ప్లగ్‌తో ఏ ఇబ్బందీ లేదు, ఫిల్టర్ దగ్గరే ప్రాణం మీదకొస్తోంది. చెయ్యి గీరుకుపోతోంది, ఫిల్టర్ వదులవగానే నూనె కింద ఉన్న లోహపు చట్రం, అదే సబ్‌ఫ్రేమ్ మీదంతా కారుతోంది. అందుకని ఫిల్టర్‌ను గొట్టాలతో చేతికందే చోటికి మార్చే కిట్ పెట్టుకుందామా అని మీ ఆలోచన. పనిలో పనిగా విజయవాడలో మీ అన్నయ్య కూడా తన డీజిల్ స్విఫ్ట్‌కి అలాంటిదే పెట్టించాలంటున్నారు.

కిట్ పనిచేస్తుంది. నేను కొన్ని కార్లకు బిగించాను, అవి బాగానే తిరుగుతున్నాయి. అయినా ఆయిల్ మార్చడం సులువు కావాలన్న ఒక్క కారణానికే అయితే వద్దంటాను. ఎందుకో చెబుతాను. ఆ తర్వాత, నా మాట కాదని పెట్టుకునేటట్టయితే ఎలా పెట్టాలో కూడా చెబుతాను, ఎందుకంటే ఈ పనిలో కిట్ కొనడం కన్నా బిగించే తీరు ముఖ్యం.

ముందు ఫిల్టర్ ఏ దారిలో కూర్చుందో చూడండి. ఆయిల్ పంపు ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టిలోంచి, అంటే సంప్‌లోంచి, లాగిన నూనె ఫిల్టర్‌లోంచి వెళ్లాకే క్రాంక్ బేరింగులకూ పైన క్యామ్‌షాఫ్టులకూ చేరుతుంది. ఇది పక్క సందు కాదు, ఇంజిన్‌కు నూనె అందే ఒకే ఒక్క దారి. ఇప్పుడు ఆ దారిలో బయటికి కారే అవకాశం ఉన్న చోటు ఒక్కటే: ఫిల్టర్ అంచున ఉన్న రబ్బరు రింగు. కిట్ పెట్టాక లెక్కేయండి. బ్లాక్ మీద కూర్చునే అడాప్టర్ కింద ఒక సీలు, అడాప్టర్‌లోకి దిగే ఫిట్టింగులు రెండు, వాటికి గొట్టాల జాయింట్లు రెండు, గొట్టాల కొసల్లో పట్టు వేసిన చోట్లు నాలుగు, అవతల ఫిల్టర్ బ్రాకెట్ దగ్గర మళ్లీ ఫిట్టింగులూ జాయింట్లూ, చివర ఫిల్టర్ రింగు ఎలాగూ ఉంటుంది. ఒక్కటి ఉన్న చోట పది దాటిపోయాయి. చల్లటి ఉదయం స్టార్ట్ చేసినప్పుడు చిక్కగా ఉన్న నూనె 60 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) పైనే తోస్తుంటే ఇవన్నీ నిలబడాలి. మీరు ఏడాదికి ఒకటి రెండు సార్లు పడే అవస్థ తగ్గించుకోవడానికి, కారు నడిచినంతసేపూ ఉండే రిస్కు తెచ్చిపెట్టుకున్నట్టు. అదీ బేరం.

కారు కంపెనీలే బిగించి పంపినా ఇదే కథ. షెవర్లే ఎస్-10 బ్లేజర్ ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో 4.3 లీటర్ల వీ6 ఇంజిన్ కింద ముందు యాక్సిల్ అడ్డం వస్తుందని జనరల్ మోటార్స్ వాళ్లు ఫిల్టర్‌ను ముందువైపుకు జరిపి గొట్టాలు వేశారు. ఆ బండ్లు నడిపినవాళ్లను అడగండి, ఫిల్టర్ గురించి కాదు, ఆ గొట్టాలు కారడం గురించే చెబుతారు. రబ్బరుకూ లోహానికీ పట్టు వేసిన చోటే చెమ్మ మొదలవుతుంది. జీప్ చెరోకీ 4.0 ఇంజిన్‌లో గొట్టాలు కూడా లేవు, ఫిల్టర్‌ను పక్కకు తిప్పే చిన్న అడాప్టర్ ఒక్కటే. దాని ఓ-రింగులు గట్టిపడి కారడం ఆ ఇంజిన్‌కున్న పేరుమోసిన జబ్బుల్లో ఒకటి. చాలామంది అది రేర్ మెయిన్ సీల్ (క్రాంక్ వెనక కొసన నూనెను ఆపే సీలు) లీకేమో అనుకుని పెద్ద పనికి దిగుతారు.

ఫిల్టర్‌ను పైకి తేవడం అన్న ఆలోచన చెడ్డదని కాదు. సుబారు వాళ్లు అదే చేశారు. పాత ఈజే ఇంజిన్‌కు ఫిల్టర్ కింద ఎగ్జాస్ట్ పైపుల మధ్య ఉండేది. 2011 ఫారెస్టర్‌తో వచ్చిన ఎఫ్‌బీ ఇంజిన్‌కు ఫిల్టర్‌ను పైన పెట్టి, చుట్టూ నూనె పట్టడానికి చిన్న పళ్లెం లాంటి అంచు కూడా ఇచ్చారు. బానెట్ ఎత్తితే ఎదురుగా ఉంటుంది. కానీ అక్కడ నూనె నడిచే దారి ఇంజిన్ పోతలోనే ఉంది, బయట వేలాడే గొట్టం లేదు. తేడా అంతా అక్కడే.

సరే, మీ మియాటా సంగతికి వద్దాం. ఎన్‌బీ, అంటే రెండో తరం మోడల్, 1.8 ఇంజిన్. ఫిల్టర్ ఇంజిన్‌కు కుడివైపున, అంటే అమెరికాలో ప్యాసింజర్ వైపు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఉంటుంది. పైనుంచి చెయ్యి పెడితే మానిఫోల్డ్ గొట్టాల మధ్య మోచేయి ఇరుక్కుంటుంది, కిందనుంచి పెడితే సబ్‌ఫ్రేమ్ అడ్డం. మూడో దారి ఉంది, చాలామంది వాడరు: ముందు కుడి చక్రం విప్పేయండి. చక్రం ఉన్న చోటునుంచి, పై కంట్రోల్ ఆర్మ్ వెనకగా చూస్తే ఫిల్టర్ కనిపిస్తుంది, చెయ్యి తిన్నగా పోతుంది. చక్రం విప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఎలాగూ కారు ఎత్తే ఉంటుంది కదా. ఎత్తేటప్పుడు ముందు క్రాస్‌మెంబర్ మధ్యలో జాకీ పెట్టి, రెండు వైపులా స్టాండ్లు వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, కారును చేత్తో ఒకసారి గట్టిగా ఊపి చూసి, అప్పుడే కిందకు దూరండి. కారుతో వచ్చే చిన్న జాకీ పంక్చర్ పనికే, దాని మీద ఉన్న కారు కింద తల పెట్టకూడదు. ర్యాంపులు వాడదామంటే మియాటా ముక్కు మరీ కిందికి ఉంటుంది, ముందు చెక్కలు వేస్తే గానీ ఎక్కదు.

ఇక ఫిల్టర్ బిగుసుకుపోవడం. మీకు ఎక్కువ కష్టమైంది మొదటిసారేనా? అయితే అందులో సగం పాపం మీకు ముందు మార్చినవాళ్లది. తొందరలో ఉన్న షాపుల్లో ఫిల్టర్‌ను రెంచ్‌తో బిగించేస్తారు. అది విప్పేటప్పుడు చేతికి లొంగదు, బెల్టు రెంచ్ తిప్పడానికి అక్కడ చోటు లేదు. ఫిల్టర్ కొసకు టోపీలా తొడిగే కప్పు రెంచ్ తెచ్చుకోండి, పది పదిహేను డాలర్లలో దొరుకుతుంది. కొత్త ఫిల్టర్‌ను షాపుకు పట్టుకెళ్లి, దాని పళ్లకు సరిగ్గా కూర్చునే కప్పే కొనండి, ఎందుకంటే కంపెనీ మారితే పళ్ల లెక్క మారుతుంది. దానికి పొడుగాటి ఎక్స్‌టెన్షన్ తగిలిస్తే చక్రం పక్కనుంచే వదులు చేయొచ్చు. తిరిగి బిగించేటప్పుడు మాత్రం రెంచ్ ముట్టుకోకండి. రబ్బరు రింగుకు కొత్త నూనె వేలితో రాసి, బ్లాక్‌కు తగిలేదాకా తిప్పి, అక్కడినుంచి ముప్పావు చుట్టు చేత్తో. ఫిల్టర్ డబ్బా మీద వేరే కొలత ఉంటే అదే పాటించండి. ఇలా ఒక్కసారి మీ చేత్తో బిగించాక, మరుసటిసారి అదే ఫిల్టర్ మీ చేతికి వస్తుంది. అందుకే మొదటిసారి పడ్డ కష్టం చూసి కిట్ ఆర్డర్ చేయొద్దనేది.

నూనె కారడానికి మందు జిప్‌లాక్ కవరు. ఫ్రీజర్‌కు వాడే మందం రకం, పెద్దది. ముందు సంప్ పూర్తిగా ఖాళీ అవనివ్వండి. ఫిల్టర్‌ను పావు చుట్టు మాత్రం వదులు చేసి ఆపండి, ఇంకా నూనె రాదు. కవరు మొత్తం దాని మీదకు తొడిగి, మూతిని బ్లాక్‌కు ఆనించి పట్టుకుని, కవరు బయటనుంచే ఫిల్టర్‌ను తిప్పండి. రింగు వదిలిన క్షణం లోపలున్న నూనె కవరులోకి దిగుతుంది. అప్పుడు వేళ్లకు వెచ్చగా తగులుతుంది, వదిలేయాలనిపిస్తుంది, వదలకండి. ఓపిగ్గా ఒక నిమిషం అలాగే ఉంచితే కారాల్సిందంతా కారిపోతుంది. ఆపైన ఫిల్టర్‌ను కవరుతో సహా బయటికి తీసి జిప్ వేసేయండి. సబ్‌ఫ్రేమ్ మీద ముందే వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను రెండు మడతలు వేసి వాలుగా కాలువలా పరిస్తే తప్పిపోయిన నాలుగు చుక్కలూ పళ్లెంలోకే పోతాయి. ఇంజిన్ మరీ కాలిపోతూ ఉండకూడదు, మరీ చల్లగా ఉన్నా నూనె కదలదు. ఇంటి చుట్టూ ఒక రౌండ్ వేసి వచ్చి, కాసేపు ఆగి మొదలుపెడితే సరిగ్గా ఉంటుంది. మియాటాలో ఒక సుఖం ఏమిటంటే ఎగ్జాస్ట్ అవతలి వైపు, అంటే డ్రైవర్ వైపు. ఫిల్టర్ వైపు చెయ్యి కాలదు.

పాత ఫిల్టర్ తీశాక దాని అంచున రబ్బరు రింగు ఉందో లేదో చూడండి. లేకపోతే అది బ్లాక్‌కే అతుక్కుని ఉండిపోయింది. దాని మీద కొత్త ఫిల్టర్ ఎక్కిస్తే రెండు రింగులు ఒకదానిమీద ఒకటి కూర్చుని, ఇంజిన్ స్టార్ట్ చేయగానే నూనె చిమ్ముతుంది. ఇంటి దగ్గర జరిగే ఆయిల్ ప్రమాదాల్లో ఇదొకటి. మీ కారులో ఆ చోటు కంటికి సరిగా కనిపించదు కాబట్టి వేలితో చుట్టూ తడిమి చూడండి.

డ్రెయిన్ ప్లగ్ బదులు పెట్టే వాల్వు, ఫ్యుమోటో లాంటిది, చాలామంది దీనితో కలిపే కొంటారు. నాకు దానిమీద అభ్యంతరం లేదు, నూనె కింద పోసుకోకుండా ఆపొచ్చు. కానీ మీ సమస్య ప్లగ్ కాదు, పైగా మియాటా నేలకు దగ్గరగా ఉంటుంది, సంప్ కింద వేలాడే వస్తువు ఎంత తక్కువుంటే అంత మంచిది. డిప్‌స్టిక్ గొట్టంలోంచి నూనె లాగే పంపులు కూడా ఫిల్టర్ విషయంలో మీకు చేసే సాయం ఏమీ లేదు.

ఇప్పుడు, కిట్ ఎవరికి తగుతుంది? ఆయిల్ కూలర్ పెడుతున్నవాళ్లకు. ట్రాక్ మీద తిప్పేవాళ్లకు కూలర్ కోసం గొట్టాలు ఎలాగూ తప్పవు, వాటితో పాటే ఫిల్టర్‌ను కూడా జరుపుకోవచ్చు. వేరే కారు ఇంజిన్ ఎక్కించినప్పుడు ఫిల్టర్‌కు స్టీరింగ్ ర్యాకో ఫ్రేమో అడ్డం వస్తే వేరే మార్గం ఉండదు. భుజం నొప్పి వల్లో వెన్ను వల్లో కారు కింద దూరలేనివాళ్లు ఉంటారు. వాళ్లకు నేనే సరే అంటాను, కాకపోతే మంచి సామానుతో. మీరు ఈ మూడింటిలో లేరు. కానీ మీ కారు, మీ ఇష్టం. కిట్ పెడతానంటే ఇక్కడినుంచి జాగ్రత్తగా చదవండి.

ధరల సంగతి. 40 డాలర్లకు కిట్లు ఉన్నాయి, 200 దాటినవీ ఉన్నాయి. తేడా ఎక్కువగా గొట్టాల్లో, ఫిట్టింగుల్లో ఉంటుంది. చవక రకాల్లో గొట్టాన్ని పళ్లున్న కొస మీదకు తోసి, కూలెంట్ గొట్టాలకు వాడే స్క్రూ క్లిప్పుతో బిగించమంటారు. నూనె దారిలో అది నాకు నచ్చదు. వేడికి రబ్బరు మెత్తబడుతుంది, చలికి కుంచించుకుంటుంది, క్లిప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఒక స్నేహితుడి కారులో అలాంటి కిట్ చూశాను, గొట్టం కొసల దగ్గర ఎప్పుడూ తడే, నెలకోసారి క్లిప్పులు బిగించుకుంటూ తిరిగేవాడు. గొట్టం మీద ఆయిల్‌కు పనికొస్తుందని, ఎంత వేడీ ఎంత ప్రెషరూ తట్టుకుంటుందో రాసి ఉండాలి. హీటర్ గొట్టం నీటికి, నూనె తగిలితే ఉబ్బిపోతుంది. సైజు ఏఎన్-10 (ఏఎన్ అంటే గొట్టాలకూ ఫిట్టింగులకూ ఉన్న ఒక సైజుల పద్ధతి) అయితే నిశ్చింత, లోపల 14 మిల్లీమీటర్ల దాకా దారి ఉంటుంది. ఇరుకు గొట్టాలు, పదునుగా వంగే చవక ఎల్బోలు పెట్టేకొద్దీ ప్రెషర్ దారిలోనే తినేస్తుంది, చల్లటి చిక్కటి నూనెతో మరీ.

మర సైజు దగ్గర చాలామంది బోల్తా పడతారు. మియాటా ఫిల్టర్ మర ఎం20 × 1.5, అంటే 20 మిల్లీమీటర్ల వ్యాసం, పళ్ల మధ్య దూరం 1.5. చాలా కిట్లలో కొత్త బ్రాకెట్ మీద ఉండేది 3/4-16 (ముప్పావు అంగుళం వ్యాసం, అంగుళానికి 16 పళ్లు), పాత ఫోర్డు బండ్లకు వచ్చే ఎఫ్‌ఎల్-1ఏ లాంటి పెద్ద ఫిల్టర్లు పట్టేది. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు, పళ్ల దూరం కూడా 1.5కు చాలా దగ్గర. అందువల్ల షెల్ఫులో మిగిలిన మియాటా ఫిల్టర్‌ను ఆ బ్రాకెట్‌కు తిప్పితే అది ఎక్కుతుంది! కాస్త వదులుగా ఎక్కి, చివర రబ్బరు తగిలి బిగిసినట్టే ఉంటుంది. ప్రెషర్ వచ్చాక అంచు పళ్లు జారి ఫిల్టర్ ఊడి వచ్చేస్తుంది. కాబట్టి బ్రాకెట్ పట్టే ఫిల్టర్ నంబరు, మర సైజు పెయింట్ మార్కర్‌తో దాని పక్కనే రాయండి. పాత ఫిల్టర్లు ఎవరికైనా ఇచ్చేయండి. కొత్తది ఎంచుకునేటప్పుడు లోపల బైపాస్ వాల్వు (ఫిల్టర్ మూసుకుపోతే నూనెను పక్కనుంచి వదిలేది), నూనె వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వు రెండూ ఉన్నదే తీసుకోండి. కొన్ని ఇంజిన్లకు బైపాస్ బ్లాకులోనే ఉంటుంది కాబట్టి అది లేని ఫిల్టర్లు కూడా అమ్ముతారు, సైజు కుదిరింది కదా అని పెట్టకూడదు.

అన్నింటికన్నా ప్రమాదం గొట్టాలు తారుమారు కావడం. ఫిల్టర్ చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోంచి మురికి నూనె లోపలికి వెళ్తుంది, మధ్యలో మర ఉన్న పెద్ద రంధ్రంలోంచి శుభ్రమైంది బయటికి వస్తుంది. తారుమారు చేస్తే నూనె మధ్యలోంచి దూరి చుట్టూ ఉన్న రంధ్రాల్లోంచి బయటికి రావాలని చూస్తుంది. అక్కడ ఆ రబ్బరు వాల్వు తలుపు మూసినట్టు అడ్డం పడుతుంది. పంపు తోస్తూనే ఉంటుంది, బేరింగులకు మాత్రం చుక్క అందదు. అడాప్టర్ మీద "అవుట్" అని ఉంటే అది ఇంజిన్‌లోంచి బయటికి అని అర్థం, ఆ గొట్టం ఫిల్టర్ బ్రాకెట్‌లో "ఇన్"కు పోవాలి. ఈ అక్షరాలను కూడా గుడ్డిగా నమ్మకండి. బిగించే ముందు అడాప్టర్‌ను తిప్పి పట్టుకుని, ఏ దారి మధ్య రంధ్రానికి పోతోందో గాలి ఊది చూసుకుని, గొట్టాలకు రెండు రంగుల టేపు చుట్టండి.

మీ కారులో ఇంకో చిక్కు. 1995 నుంచి మియాటాల్లో డ్యాష్‌బోర్డు మీద ఉండే ఆయిల్ ప్రెషర్ మీటర్ ఉత్తుత్తిది. ఎంతో కొంత ప్రెషర్ వస్తే చాలు ముల్లు మధ్యకు లేచి కూర్చుంటుంది, 20 ఉన్నా 60 ఉన్నా అదే చోటు. 1990-94 కార్లకు నిజమైన మీటర్ ఉండేది. మీది చూసి "ప్రెషర్ బాగానే ఉంది" అనుకోవడానికి లేదు. కిట్ పెట్టాలనుకుంటే ముందు నిజమైన మీటర్ పెట్టండి. కిట్ లేకుండా వేడెక్కిన ఇంజిన్ ఐడిల్‌లో, 3000 ఆర్‌పీఎం దగ్గర ఎంత చూపిస్తోందో రాసుకోండి. కిట్ పెట్టాక అదే వేడిలో మళ్లీ చూస్తే దారి ఎంత ఇరుకైందో అప్పుడే తెలుస్తుంది. మీ ఇంజిన్‌లో ఫిల్టర్‌కూ బ్లాక్‌కూ మధ్య కూలెంట్ తిరిగే చిన్న కూలర్ ఉందేమో కూడా చూసుకోండి. ఉంటే అడాప్టర్ దాని మీద కూర్చుంటుందా, దాన్ని తీసేయాలా అన్నది ఆర్డర్ చేసే ముందే తేలాలి.

ఫిల్టర్‌ను ఎక్కడ పెట్టాలి అంటే, ముందు ఎక్కడ పెట్టకూడదో చెబుతాను. బంపర్ కింద, చక్రం రాళ్లు కొట్టే చోట, ఎగ్జాస్ట్ వైపు, ఇంకా చిన్న గుద్దుడుకే నలిగే చోట పెట్టకూడదు. కుడివైపు లోపలి ఫెండర్ మీద చోటు చేసుకోవడం మేలు, గొట్టాలు కూడా పొట్టిగా ఉంటాయి. మర ఉన్న మూతి పైకి, డబ్బా కిందికి వేలాడేలా పెడితే కొత్త ఫిల్టర్‌ను నూనెతో నింపి బిగించొచ్చు, విప్పినప్పుడు కారదు, రాత్రంతా నిలబడినా ఖాళీ కాదు. తలకిందులుగా, డబ్బా పైకి ఉండేలా పెడితే ఆ మూడూ పోయినట్టే. బ్రాకెట్‌ను పలుచని రేకుకు బిగించి వదలకండి, వెనకాల పట్టీ వేయండి. నూనెతో నిండిన పెద్ద ఫిల్టర్ కిలో పైనే తూగుతుంది, రోడ్డు కుదుపులకు రేకు పగులుతుంది.

గొట్టాలకు కాస్త వదులు ఉంచండి. ఇంజిన్ తన రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, ఫెండర్ ఊగదు. బిగుతుగా లాగితే ఆ ఊపంతా ఫిట్టింగు మెడ మీద పడుతుంది. స్టీలు అల్లిక ఉన్న గొట్టం చూడ్డానికి బాగుంటుంది గానీ, తగిలిన ప్రతిదాన్నీ రంపంలా కోస్తుంది: వైర్లను, రేడియేటర్ గొట్టాన్ని, చివరికి అల్యూమినియంను కూడా. నల్ల గుడ్డ అల్లికే తీసుకోండి, లేదా పైన తొడుగు వేయండి. బెల్టులకూ స్వే బార్‌కూ (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) దూరంగా, రబ్బరు పూసిన క్లాంపులతో పట్టించండి. స్టీరింగ్ పూర్తిగా అటూ ఇటూ తిప్పి ఎక్కడైనా తగులుతోందేమో చూడండి.

గొట్టాలు మీరే కోసి కొసలు వేసుకుంటుంటే ఇది మరవకండి: ఫిల్టర్ నుంచి ఇంజిన్‌కు తిరిగొచ్చే గొట్టంలో ఏ చెత్త ఉన్నా దాన్ని ఆపేవాళ్లు ఇక ఎవరూ లేరు. కోసినప్పుడు లోపల రబ్బరు పొడి, స్టీలు అల్లికైతే సన్నటి తీగ ముక్కలు మిగులుతాయి. బ్రేక్ క్లీనర్ పోసి, గుడ్డ ముక్క లాగి, గాలి కొట్టి, మళ్లీ పోసి చూడండి, తెల్ల గుడ్డ తెల్లగా వచ్చేదాకా. ఇదే కారణంతో టెఫ్లాన్ టేపు వద్దు. ఏఎన్ జాయింట్లు 37 డిగ్రీల వాలు మీద లోహానికి లోహం కూర్చుని ఆపుతాయి, వాటికి ఏమీ పూయక్కర్లేదు. ఎన్‌పీటీ మర (కొసకు పోయేకొద్దీ సన్నబడే పైపు మర) ఉన్న చోట నూనెకు పనికొచ్చే ద్రవ సీలెంట్, అదీ మొదటి రెండు పళ్లు వదిలేసి. టేపు పోగు తెగితే అది తిన్నగా బేరింగుకే.

ఎంత నూనె ఎక్కువ పడుతుంది? 14 మిల్లీమీటర్ల గొట్టం మీటరుకు సుమారు 150 మిల్లీలీటర్లు పడుతుంది. రెండు గొట్టాలు మీటరు చొప్పున అనుకుంటే 300. పెద్ద ఫిల్టర్ వల్ల ఇంకొంత. మీ ఇంజిన్‌కు ఫిల్టర్‌తో కలిపి 3.8 లీటర్లు కదా, అక్కడినుంచి పోసుకుంటూ పోవాలి, చివరి మాట డిప్‌స్టిక్‌దే. గొట్టాల్లో ఉన్నది డ్రెయిన్ ప్లగ్ విప్పితే రాదు, ప్రతిసారీ ఆ కాస్త పాత నూనె కొత్తదాంట్లో కలుస్తుంది. నష్టం లేదు, తెలిసి ఉండాలంతే.

మొదటి స్టార్ట్‌కు తొందరపడకండి. ఫిల్టర్ నింపండి, గొట్టాల్లో కూడా పోయగలిగినంత పోయండి. ఇంజిన్ అంటుకోకుండా ఇంజెక్టర్లకూ కాయిల్స్‌కూ కనెక్టర్లు పీకేసి, స్టార్టర్‌ను పదేసి సెకన్లు తిప్పి, మధ్యలో చల్లారనిస్తూ, మీటర్‌లో ప్రెషర్ కనిపించేదాకా చూడండి. అప్పుడు కనెక్టర్లు పెట్టి స్టార్ట్ చేసి, అర నిమిషంలో ఆపేసి, టార్చితో ప్రతి జాయింటూ చూడండి. పొడి టిష్యూ ఒత్తి చూస్తే కంటికి కనిపించని చెమ్మ కూడా తెలుస్తుంది. రెండు మూడు సార్లు పూర్తిగా వేడెక్కి చల్లారాక మళ్లీ అన్నీ బిగించి చూడాలి. ఆ తర్వాత హైవే ఎక్కండి. ఆ వేగంలో గొట్టం ఊడితే పంపు సంప్‌ను ఖాళీ చేయడానికి ఎంతోసేపు పట్టదు, వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంటలే.

మీ అన్నయ్య గారి స్విఫ్ట్ సంగతి తేలిక. ఆ 1.3 డీజిల్ ఇంజిన్‌లో డబ్బా ఫిల్టర్ కాదు, గూడులో కూర్చునే కాగితం ఫిల్టర్ ఉంటుంది, పైన మూత. మీరు చూసిన రకం కిట్లు దానికి కూర్చోవు. ఎవరైనా మెకానిక్ "నేను చేసిపెడతా" అని గూడు తీసి అడాప్టర్ తయారు చేస్తానంటే ఒప్పుకోవద్దని చెప్పండి. ఆయనకు కావలసింది మూతకు సరిపోయే సాకెట్, ప్రతిసారీ కొత్త ఓ-రింగు. అంతే. విజయవాడలో వానాకాలం నీళ్లు నిలిచే వీధుల్లో, ఆ స్పీడ్ బ్రేకర్ల మీద, కింద గొట్టాలు వేలాడేసుకుని తిరగాల్సిన అవసరం ఆయనకు లేదు.

మీ కాలనీ సంఘం, అదే హెచ్‌ఓఏ, డ్రైవ్‌వేలో కారు రిపేరు చేయొద్దనే రూల్ పెట్టిందేమో కూడా చూసుకోండి. టెక్సాస్ శివార్లలో అది మామూలే. గ్యారేజీలో చేసుకుంటే ఎవరికీ పేచీ లేదు. పాత నూనెను, కవరులో ఉన్న ఫిల్టర్‌ను పెద్ద ఆటో పార్ట్స్ షాపులకు తీసుకెళ్తే చాలాచోట్ల ఉచితంగా తీసుకుంటారు. బ్రేక్ క్లీనరో కూలెంటో కలిసిందైతే తీసుకోరు, వాటిని వేరే డబ్బాలో పెట్టండి.

కిట్ పెట్టాక ఎప్పుడైనా కారును బయట ఆయిల్ మార్చడానికి ఇస్తే, అక్కడి కుర్రాడు అలవాటుగా మానిఫోల్డ్ కింద ఫిల్టర్ వెతుకుతాడు, చేతికి తగిలిన అడాప్టర్‌నే విప్పబోతాడు. అందుకని బానెట్ తెరవగానే కనపడేలా రేడియేటర్ పైపట్టీ మీద ఒక స్టిక్కర్ వేయండి: ఫిల్టర్ ఎక్కడుందో, దాని నంబరు, మర సైజు, మొత్తం ఎన్ని లీటర్లు పడుతుందో. ఇంగ్లిష్‌లో రాయండి, కారు అమ్మితే కొన్నవాళ్లకూ పనికొస్తుంది.